మావయ్యగారి సరే

మావయ్యగారికి నమస్కారాలు.

మేమిద్దరం కులాసా. నేను పీకిన పన్ను చోట మీకు నొప్పి తగ్గిందని తలుస్తాను.

విషయమేమిటంటే, మన రెండు ఊళ్ళకీ మధ్య ఉన్న కార్ల పందేల ట్రాక్‌ని వచ్చే నెల చివరి ఆదివారం మాలాంటి మామూలు వాళ్ళ కోసం తెరుస్తున్నారు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని కావలసినంత వేగంగా నడుపుకోవచ్చు. ఇది పందెం కాదు. గెలవడం, ఓడడం ఉండవు. రోజంతా జనం నోళ్ళలోకి తొంగి చూసే పళ్ళ డాక్టరుకి ఒక్క పూటైనా తలెత్తి దూరంగా చూసే వీలు దొరుకుతుంది. ఏడాదిగా ఈ కోరిక మనసులో ఉంది.

మీ అమ్మాయి ఒక మెలిక పెట్టింది. "నువ్వు కొన్న సామాను గట్టిదో కాదో నీకేం తెలుసు? మా నాన్న చూసి సరే అని తన చేత్తో రాసిస్తే వెళ్ళు. లేకపోతే ఆ ఆదివారం అటక సర్దుదువుగాని" అంది. అందుకని ముందుగా హెల్మెట్ పంపుతున్నాను. చూసి ఆ ఒక్క ముక్క రాసి పంపితే చాలు.

మీ సమయం తీసుకుంటున్నందుకు మన్నించమంటూ,
మీ అల్లుడు

తా.క. ఫోను చేయిస్తే సరిపోతుంది కదా అన్నాను. ఫోనులో అయితే నాన్న గొంతుతో నువ్వే మాట్లాడతావు అంది.

---

అల్లుడుగారికి ఆశీస్సులు.

హెల్మెట్ అందింది. ఉత్తరం రెండుసార్లు చదివాను. పందెం కాదంటున్నారు, బహుమతి లేదంటున్నారు, ఏ ఊరికీ వెళ్ళరు, బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు. దానికి వేగం ఎందుకో నాకు బోధపడలేదు. అది మీ ఇష్టం. నన్ను అడిగింది సామాను సంగతి కాబట్టి అదే రాస్తాను.

నా పద్ధతి మీకు తెలుసు. నేను స్వయంగా ఎక్కి, మెట్టు మెట్టు మీదా గెంతి చూడందే నా దుకాణం నుంచి ఒక్క నిచ్చెన బయటికి పోదు. మీ హెల్మెట్‌నీ అలాగే చూశాను. దుకాణంలో అన్నిటికంటే పొడుగు నిచ్చెన ఎక్కి, పై మెట్టు మీద నుంచి సిమెంటు గచ్చు మీదికి వదిలాను. తల ఉంటే ఎలా ఉంటుందో తెలియాలి కనుక లోపల ఒక గుమ్మడికాయ పెట్టాను. గుమ్మడికాయకి ఏమీ కాలేదు. హెల్మెట్‌కి గీత కూడా పడలేదు. అనుమానం తీరక మళ్ళీ వదిలాను.

హెల్మెట్ మంచిది. తిరిగి పంపుతున్నాను.

ఉంటాను, ఒక పన్ను తక్కువతో,
మీ మావయ్య

తా.క. పన్ను పీకేటప్పుడు "నొప్పే ఉండదు మావయ్యగారూ" అన్నారు. అప్పటి నుంచి మీ మాట కూడా చూసుకునే తీసుకుంటున్నాను.

---

మావయ్యగారికి నమస్కారాలు.

మీ శ్రద్ధకి కృతజ్ఞుణ్ణి. కానీ ఆ హెల్మెట్ ఇక పనికిరాదు. దాని లోపల ఉండే మెత్తటి దళసరి పొర దెబ్బని తాను తీసుకుని నలిగిపోతుంది. ఒకసారి గట్టిగా పడిందంటే పైకి గీత లేకపోయినా దాన్ని పారేయమంటారు. ట్రాక్ దగ్గర సామాను తనిఖీ చేసే ఆయన్ని అడిగితే, "గుమ్మడికాయతోనా?" అని ఒక్క మాటే అన్నాడు.

కొత్త హెల్మెట్ కొన్నాను, నా దగ్గరే ఉంచుకున్నాను. నలిగినదాన్ని మీకే తిరిగి పంపుతున్నాను, ఎవరినీ పెట్టుకోనివ్వకండి. దాంతో పాటు సూటు కూడా పంపుతున్నాను. కారుకి నిప్పంటుకుంటే, బయటపడేదాకా ఒళ్ళు కాలకుండా కాస్త వ్యవధి ఇచ్చే బట్టతో కుట్టారు. చేత్తో తడిమి చూడండి. చేత్తో మాత్రమే చూడండి.

మీ ఒక్క మాట కోసం ఎదురుచూసే,
అల్లుడు

తా.క. "హెల్మెట్ మంచిది" అని మీరు రాసింది మీ అమ్మాయికి చూపించాను. "మంచిది అన్నారు, సరే అనలేదుగా" అంది.

---

అల్లుడుగారికి ఆశీస్సులు.

ఒక్కసారికే పనికొచ్చే వస్తువు గురించి చాలాసేపు ఆలోచించాను. నా నిచ్చెన ఒక్కసారి ఎక్కడానికే పనికొస్తుందని చెబితే కొనేవాడు నన్ను ఆ నిచ్చెనతోనే కొడతాడు. అయినా మీరు రాశారు కదా అని ఆ హెల్మెట్‌ని రంపంతో రెండుగా కోశాను. మీరన్నది నిజమే. గచ్చుకి తగిలిన చోట లోపలి పొర బొటనవేలు పట్టేంత నొక్కుకుపోయింది. ఆ నొక్కు గుమ్మడికాయకి పడవలసింది. మీ మాట ఒకటి నిజమైందని మీ అత్తగారికి చెప్పాను.

ఇక సూటు. చేత్తో తడిమాను. మెత్తగా ఉంది. మెత్తదనం చూడమని అమ్మాయి నాకు అప్పగించలేదు. మా దగ్గర వెదురుకి కాక పెట్టి వంకర తీసే మంట ఉంది కదా, సూటు తీగ మీద ఆరేసి దాని ఎడమ చేతిని ఆ మంటలో ఉంచాను. నల్లబడింది కానీ అంటుకోలేదు, చిల్లు పడలేదు. పోల్చి చూసుకోవడానికి కుడి చెయ్యి అలాగే ఉంచాను.

తరవాత ఒక ఆలోచన వచ్చింది. బట్ట కాలకపోవచ్చు, లోపలి మనిషి సంగతేమిటి? అందుకని తొడుక్కున్నాను. పొట్ట దగ్గర బిగుతు. నల్లబడిన ఎడమ చేతినే మళ్ళీ మంట దగ్గర పెట్టాను. మీ అత్తగారు బిందెడు నీళ్ళతో పక్కన నిలబడింది. వెచ్చగా అనిపించింది, అంతే.

సూటు మంచిది.

చేతులు రెండూ బాగున్న,
మీ మావయ్య

తా.క. నేను మంట దగ్గర నుంచి ఇవతలికి వచ్చాక మీ అత్తగారు బిందె నా నెత్తిన బోర్లించింది. అవసరం లేకపోయింది. వేరే ఏదో పాత విషయం అయి ఉంటుంది.

---

మావయ్యగారికి నమస్కారాలు.

ఒక చెయ్యి నల్లగా ఉన్న సూటుతో గేటు దాటనివ్వరట. తనిఖీ ఆయన నన్ను గుర్తుపట్టి, "గుమ్మడికాయ గారేనా?" అన్నాడు. ఇప్పుడు అక్కడ అందరూ నన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

మళ్ళీ సూటు కొంటాను. ఈలోగా మిగిలినవి పంపుతున్నాను. గ్లౌజులు, పలచని అడుగున్న బూట్లు, భుజాల మీద కూర్చునే గట్టి మెడపట్టీ. కారు దేనికైనా గుద్దుకుని టక్కున ఆగితే బెల్టులు ఒంటిని పట్టుకుంటాయి, తల మాత్రం ముందుకు పోతుంది. ఈ మెడపట్టీని తాళ్ళతో హెల్మెట్‌కి తగిలిస్తే తల కూడా ఒంటితో పాటే ఆగుతుంది. ఉన్న వాటిలో అతి ముఖ్యమైనది ఇదే.

మావయ్యగారూ, చేతులు జోడించి ఒక మాట చెబుతున్నాను. ఈ మెడపట్టీని నిచ్చెన మీద, గచ్చు మీద, మంటలో, నీళ్ళలో చూసి లాభం లేదు. దాన్ని కారులో కూర్చుని, బెల్టులన్నీ కట్టుకుని, ఆ ట్రాక్ మీద తప్ప ఎక్కడా పరీక్షించడం కుదరదు. కాబట్టి పరీక్షించకండి.

మీ దయ మీద ఆధారపడిన,
అల్లుడు

తా.క. (అమ్మాయి రాత) నాన్నా, నీకెలా నచ్చితే అలా చూడు. మాకేం తొందర లేదు. అటక ఎటూ పోదు.

---

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీరు చెప్పినట్టే మెడపట్టీని ఏమీ చెయ్యలేదు. బల్ల మీద పెట్టి చూస్తున్నాను.

గ్లౌజులు వేసుకుని చీలికలున్న వెదురు పట్టుకుని లాగాను. ఒక్క పేడు గుచ్చుకోలేదు. బూట్లు వేసుకుని నిచ్చెన ఎక్కాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నిచ్చెనలు ఎక్కుతున్నాను కానీ అడుగు కింద మెట్టు ఇంత బాగా తెలియడం ఇదే మొదలు. ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. కొనడానికి వచ్చినాయన కాసేపు చూసి, "తరవాత వస్తాలెండి" అని వెళ్ళిపోయాడు.

సరే అని రాసేముందు కొన్ని సందేహాలున్నాయి. అక్కడ నడిపే వాళ్ళకి వయసు పట్టింపు ఉందా? మామూలు లైసెన్సు చాలా? అలవాటు లేని వాళ్ళ పక్కన నేర్పేవాడెవరైనా కూర్చుంటాడా? సొంత కారు లేకపోతే అక్కడ దొరుకుతుందా? గేటు ఎప్పుడు తెరుస్తారు? మీ మంచి కోరే అడుగుతున్నాను.

బూట్లు ఇంకా విప్పని,
మీ మావయ్య

తా.క. కొత్త సూటు ఒక సైజు పెద్దది కొనండి. ఉతికితే బిగుస్తాయి. కొత్త హెల్మెట్ కూడా పంపండి. పడెయ్యను.

---

మావయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి కళ్ళు చెమర్చాయి. నా గురించి ఇంత లోతుగా ఆలోచిస్తున్నారని అనుకోలేదు. మీ అమ్మాయికి చదివి వినిపించాను. "నాన్న ఎప్పుడూ ఇన్ని ప్రశ్నలు అడగడే" అని మాత్రం అంది.

మీ సందేహాలకి జవాబులు. పై వయసుకి హద్దు లేదు. మామూలు లైసెన్సు చాలు. కొత్తవాళ్ళ పక్కన నేర్పేవాడు కూర్చుంటాడు. బెల్టులన్నీ బిగించిన కార్లు అక్కడే అద్దెకిస్తారు, కాబట్టి నా కారు ఏమైపోతుందో అన్న దిగులు మీకు వద్దు. గేటు ఉదయం ఏడింటికి తెరుస్తారు. ఇలాంటి రోజులు ఈ నెల రెండు పెట్టారు, వచ్చే ఆదివారం ఒకటి, నెలాఖరున నాది.

సూటు మీరన్నట్టే ఒక సైజు పెద్దది తీసుకున్నాను. నేను తొడుక్కుంటే లోపల ఇంకొకరికి చోటుంది. హెల్మెట్‌తో కలిపి పంపుతున్నాను. అన్నీ ఒకచోట పెట్టుకుని చూసి, ఆ మాట రాసి, సామానంతా వెనక్కి పంపించండి.

ఆశతో,
మీ అల్లుడు

తా.క. అటక సర్దడానికి మీ అమ్మాయి నిచ్చెన అడుగుతోంది. పంపకండి.

---

అల్లుడుగారికి ఆశీస్సులు.

మెడపట్టీని ట్రాక్ మీద తప్ప పరీక్షించడం కుదరదని మీరే రాశారు. పరీక్షించకుండా రాసివ్వడం నాకు చేతకాదు. అందుచేత మొన్న ఆదివారం వెళ్ళాను.

తనిఖీ ఆయన మర్యాదస్తుడు. హెల్మెట్ తిప్పి తిప్పి చూసి, "ఇది ఎక్కడి నుంచైనా పడిందా?" అని అడిగాడు. "ఇది కాదు, దీని ముందుది" అన్నాను. ఆయన లేచి నిలబడి, "గుమ్మడికాయ గారి మావగారా మీరు?" అని కుర్చీ వేశాడు.

సూటు సరిగ్గా సరిపోయింది. నేర్పేవాడు పక్కన కూర్చున్నాడు, మా అమ్మాయి కంటే చిన్నవాడు. మొదట మెల్లగానే పోనిచ్చాను. "బాబాయ్, కొంచెం తొక్కండి" అన్నాడు. తొక్కాను. కాసేపటికి, "బాబాయ్, కొంచెం తగ్గండి" అన్నాడు. అది హెల్మెట్‌లో సరిగా వినపడలేదని చెప్పాను. మీకు కాబట్టి నిజం రాస్తున్నాను, వినపడింది.

మూడో మలుపు దగ్గర కారు నా మాట వినలేదు. గిర్రున తిరిగి, గడ్డిలోకి పోయి, కుప్పగా పేర్చిన పాత టైర్లకి వీపు ఆనించి ఆగింది. కారుకి ఒక సొట్ట పడింది. నేర్పేవాడు, నేను ఒకరినొకరం చూసుకున్నాం. తల, మెడ, చేతులు అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అన్ని వస్తువులూ చెయ్యవలసిన పని చేశాయి.

నిచ్చెన కొనేవాణ్ణి దేనికి ఎక్కుతున్నావని నేను ఏనాడూ అడగలేదు. గట్టిదా కాదా అన్నదే నా పని. మిమ్మల్ని మాత్రం, మా అమ్మాయి మొగుడు కదా అని, ఎందుకని అడిగాను. ఇప్పుడు అడగను.

సరే.

పై మాట నా చేత్తో రాశాను, అమ్మాయికి చూపించండి. బయలుదేరిన చోటికే తిరిగి వస్తామని అప్పుడు తేలిగ్గా రాశాను. తిరిగి రావడం తేలిక కాదు. జాగ్రత్తగా రండి.

గడ్డి దులుపుకుని,
మీ మావయ్య

తా.క. ఒక్క చిక్కు. నెలాఖరు ఆదివారానికి నేనూ పేరు ఇచ్చి వచ్చాను. సూటు, హెల్మెట్, మెడపట్టీ అన్నీ ఒక్కొక్కటే ఉన్నాయి, నా దగ్గరున్నాయి. పూట పూట మార్చుకుందాం, ఉదయం మీరు, మధ్యాహ్నం నేను. అయితే సొట్ట సంగతి తెలిసి మీ అత్తగారు భీష్మించుక్కూర్చుంది. "అల్లుడుగారు సామాను చూసి సరే అని రాసిస్తేనే వెళ్ళండి" అంటోంది. మీరు చదువుకున్నవారు, అర్థం చేసుకుంటారు. ఆ రెండక్షరాలూ వెంటనే రాసి పంపండి.

---

మావయ్యగారికి నమస్కారాలు.

మీ సరే అందింది. మీ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి, ఒప్పుకుంది. అటక గండం తప్పింది. మీకు నేనెంత రుణపడ్డానో చెప్పలేను.

ఇక నా సరే సంగతి. మీరు అడిగితే కాదంటానా! కానీ ఇన్నాళ్ళూ మీ దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. చూడకుండా రాసివ్వడం నాకూ చేతకాదు.

హెల్మెట్ పంపండి.

మీ అడుగుజాడల్లో,
అల్లుడు

తా.క. నిచ్చెన కూడా పంపండి. గుమ్మడికాయ కొన్నాను.