యూనుస్ గీసిన కిటికీ

మాస్టారికి నమస్కారాలు.

సెలవులకు పాతబస్తీలో మా ఇంటికొచ్చాను. బీజాపూర్, బీదర్ తిరిగి నేను గీసిన పటాలన్నీ పక్కనపెట్టి, చార్మినార్ వెనక సందులోని కిటికీ పటాన్నే మీరు మెచ్చుకున్నారు. అది మా పక్కింటి యూనుస్‌ది. మీకు చూపమని ఇస్తే, నాదని చెప్పాను. గచ్చు పని చేసే యూనుస్ ఏనాడూ నయాపూల్ వంతెన దాటలేదు. కొలతలన్నీ తొమ్మిదేసి అంగుళాల లెక్కన ఉన్నాయేమని అడిగారు. అవి అతను చేత్తో కొలిచిన జానలు.

"సారు ఏమన్నడన్నా?" అని నేను రాగానే యూనుస్ ఆశగా అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. "పనికిరాదన్నడు" అన్నాను.

ఆనాటి నుంచి అతను పెన్సిల్ ముట్టలేదు. ఇప్పుడు నిజం చెబితే, ఓదారుస్తున్నాననుకుని నవ్వుతున్నాడు.

దయచేసి మీరే అతనికి రెండు ముక్కలు రాయండి. మీరు రాయకపోతే బాగుండునని ఈ క్షణం కూడా అనిపిస్తోంది. అందుకే వెంటనే రాయండి.

మీ విద్యార్థి