మూడు రీడింగులూ ఒకటే

మార్చి 3, సోమవారం

ఈ మధ్య మా ఆయన టీ సగం కప్పే పోయమంటున్నారు. షుగర్ గానీ వచ్చిందేమో, నా దగ్గర దాస్తున్నారేమో అనుకున్నాను. ఈరోజు వంటగది తలుపు చాటునుంచి చూశాను. కప్పు ఎత్తగానే కుడిచెయ్యి వణికింది. నిండు కప్పైతే ఒలికిపోతుంది. అందుకని సగం.

అడిగేశాను. కప్పు కింద పెట్టారు. తర్వాత చెప్పారు. డాక్టర్‌కి చూపించుకున్నారట. ఇది తగ్గేది కాదన్నాడట. కాలేజీలో ఇంకా ఎవరికీ తెలియదట.

ఆయన కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్. పిల్లలు ప్రాక్టికల్స్‌లో వాడే సొల్యూషన్లన్నీ ఆయన చేతిమీదే తయారవుతాయి. బ్యూరెట్ అనే గాజు గొట్టం కుళాయిని సరిగ్గా ఒక్క చుక్క దగ్గర ఆపగలరని పిల్లలు సింగిల్ డ్రాప్ సార్ అంటారు. ఆ పేరు చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి.

పద్నాలుగున ఫైనల్ ప్రాక్టికల్స్.

మార్చి 5, బుధవారం

సొల్యూషన్లు నేను కలుపుతాను, బుర్ర మీది, చెయ్యి నాది అన్నాను. ససేమిరా అన్నారు. పట్టుబడితే ఉద్యోగంతోపాటు పరువూ పోతుందన్నారు. పరువు సంగతి తర్వాత, పద్నాలుగో తారీఖు సంగతి చెప్పండి అన్నాను. చివరికి సరే అన్నారు.

సాయంత్రానికి స్టాఫ్ అంతా వెళ్ళిపోతారు. చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంటే వాచ్‌మన్ నన్నేమీ అడగడు. పైగా ఈ వయసులో మీ ఆయనకి ఇంత సేవేంటమ్మా అని వేళాకోళం ఆడతాడు.

మార్చి 6, గురువారం

లెక్క నేర్చుకున్నాను. లీటరు సొల్యూషన్‌లో ఎన్ని మోల్స్ ఉంటే అది మోలారిటీ. ఆక్సాలిక్ ఆసిడ్ ఒక మోల్ 126 గ్రాములు. మాకు కావలసింది 0.05. గుణిస్తే లీటరుకి 6.3 గ్రాములు. ఓస్ ఇంతేనా అన్నాను. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంటి జమాఖర్చులు రాస్తున్నదాన్ని, నాకిదో లెక్కా.

లెక్క వేరు, పని వేరు. లీటరు నీళ్ళు కొలిచి అందులో పొడి వేయబోయాను. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. ముందు కాసిని నీళ్ళలో కరిగించి, ఆ తర్వాత ఫ్లాస్కు మెడ మీదున్న గీత దాకా నింపాలట. పొడి కూడా చోటు తీసుకుంటుంది కదా అన్నారు. నా చెయ్యి మీద ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది.

మార్చి 10, సోమవారం

కాస్టిక్ సోడా కలిపాం. మోల్ 40 గ్రాములు. 0.1 కావాలి, అయిదు లీటర్లు. ఇరవై గ్రాములు తూచాను. తూస్తుండగానే బిళ్ళలకి చెమట పట్టింది. గాలిలో తేమ తాగుతాయట. అంటే తూకంలో కొంత నీళ్ళే. అందుకే సోడా తూకాన్ని నమ్మకూడదని, ఆసిడ్‌ని చుక్కచుక్కగా వదిలి, అంటే టైట్రేట్ చేసి, దాని అసలు బలం తేల్చాలని చెప్పారు. దాన్నే స్టాండర్డైజ్ చేయడం అంటారు.

మార్చి 11, మంగళవారం

ఆయన గుమ్మంలో నిలబడ్డారు, ఎవరైనా వస్తారేమోనని. నేను బల్ల దగ్గర. బ్యూరెట్‌ని ఆసిడ్‌తో తొలపమన్నారు, తొలిపాను. సోడా కొలిచి పోసే పిపెట్‌ని సోడాతో తొలపమన్నారు, తొలిపాను. సోడా పోసే ఫ్లాస్కుని కూడా సోడాతోనే తొలిపాను. ఇంట్లో నూనె డబ్బాని కూడా కాస్త నూనెతో తొలపందే నింపను నేను.

ఫ్లాస్కులో ఇరవై మిల్లీలీటర్ల సోడా, రంగు చూపించే ఇండికేటర్ రెండు చుక్కలు. గులాబీ రంగు. పైనుంచి ఆసిడ్ వదులుతుంటే ఒక్క చుక్కతో రంగు మాయమైంది. 20.4. మళ్ళీ చేశాను. 20.4. మూడోసారీ అంతే.

లెక్క కట్టాను. ఒక మోల్ ఆసిడ్‌కి రెండు మోల్స్ సోడా ఖర్చవుతాయట. సోడా బలం 0.102.

వరండాలో చెప్పుల చప్పుడు. ఊడ్చే మనిషి. ఆమె అటే వెళ్ళిపోయింది. ఆయన వచ్చి నా కాగితం చూశారు. కాసేపు చూశారు. బాగానే వచ్చింది, పద అన్నారు.

లేబుల్ నేనే రాశాను. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం ఆ అంకెని కవర్లో పెట్టి సీలు వేస్తారు. పరీక్షలో పిల్లలు ఇదే సోడా బలం తేలుస్తారు, వాళ్ళ జవాబుని దానితో పోలుస్తారు. మూడు శాతం తేడా దాటితే ఆ జవాబుకున్న నాలుగు మార్కులకీ సున్నా.

మార్చి 12, బుధవారం

స్నానం చేస్తూ ఆయన ఈల వేశారు. ఎన్నాళ్ళయిందో విని.

మార్చి 13, గురువారం

మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళాను. ల్యాబ్‌లో ఆఖరి ప్రాక్టీస్ క్లాసు. హెడ్ మేడం ఒక అమ్మాయికి చీవాట్లు పెడుతున్నారు. ఫ్లాస్కుని సోడాతో తొలపమని ఎవరు చెప్పారు నీకు, నీళ్ళతో కడిగితే చాలు, గోడలకి అంటుకున్న సోడా కూడా నువ్వు పోసినదానికి కలిసిపోతుంది, ఆ ఎక్కువకి లెక్కేదమ్మా అని.

క్యారియర్ గుమ్మంలోనే పెట్టేసి వచ్చేశాను.

మూడు రీడింగులూ ఒకటే వచ్చాయని మురిసిపోయాను. మూడుసార్లూ ఒకే తప్పు చేస్తే ఒకటే రాక ఏమవుతుంది.

ఇంటికొచ్చాక ఆయనకి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అప్పుడు వెలిగింది నాకు. తేమ తాగిన సోడా 0.1 కంటే తక్కువ రావాలి గానీ ఎక్కువ ఎలా వస్తుంది? నాకు సోడా గురించి తెలిసి మూడు రోజులు. ఆయన జీవితమంతా దానితోనే గడిపారు.

మీకు ఆ రోజే తెలుసా అని అడిగాను.

"తెలుసు," అన్నారు.

మళ్ళీ చేయమందామనుకున్నారట. ఆ చెప్పుల చప్పుడుకి ధైర్యం చాలలేదట. పిల్లలకి పోయేది నాలుగు మార్కులే, నాకు పోయేది అంతా అన్నారు. ఒకటే తిరుగుతోంది బుర్రలో. రేపు శుద్ధంగా చేసిన పిల్లలకి సున్నా వస్తుంది. నాలాగా తప్పు చేసినవాళ్ళకి ఫుల్ మార్కులు.

మార్చి 14, శుక్రవారం, ఉదయం 7

ఆయన గడ్డం గీసుకుంటున్నారు, ఎడమచేత్తో. క్యారియర్ లేకుండా వెళ్తున్నాను.

మధ్యాహ్నం 3

పొద్దున్నే, పరీక్ష మొదలవకముందే మేడం గది బయట నిలబడ్డాను. లోపలికి రమ్మన్నారు. మొత్తం చెప్పేశాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని గుక్క తిప్పుకోలేదు.

ఆవిడ అరవలేదు. లేబుల్ ఉన్న సీసా తెప్పించి, ఈ అంకెలు మీవా అని అడిగారు. నావేనన్నాను. అయితే నా ముందు మళ్ళీ చేయండి అన్నారు.

ఫ్లాస్కు నీళ్ళతోనే కడిగాను. మేడం నా భుజం పక్కనే. గులాబీ రంగు వెలిసిపోతోంది. ఒక చుక్క. ఇంకో చుక్క. ఆపాను. 19.6. మళ్ళీ చేయించారు. 19.6. అంటే 0.098.

కవరు చింపి అంకె మార్చారు. సంతకం పెట్టి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆయన చెయ్యి సంగతి నేను పైకి రాయక తప్పదమ్మా."

తలెత్తితే గుమ్మంలో ఆయన. ఎప్పుడొచ్చారో తెలియదు.

పరీక్ష అయ్యేదాకా బయట బెంచీ మీదే ఉన్నాం. ఇంటి గేటు తీస్తూ, చివర్లో ఒక చుక్క ఎక్కువ వదిలావు అన్నారు.

వదల్లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మార్చి 24, సోమవారం

ఉద్యోగానికి పనికొస్తారో లేదో తేల్చే మెడికల్ బోర్డు నుంచి ఆయనకి పిలుపు వచ్చింది, గురువారానికి.

టీ నిండా పోయమన్నారు. పోశాను. కుడిచేత్తోనే ఎత్తారు. ఒలికింది. ఇద్దరం తుడవలేదు.