ఇంట్లో ఎంతమంది?

డులూత్,
నవంబరు మొదటి ఆదివారం

ప్రియమైన ఆర్లెన్‌కి,

నేనూ బ్రిన్ బాగానే ఉన్నాం. నువ్వూ ఆ చమురు బావుల దగ్గర చలికి ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నావనుకుంటా. ఫోన్‌లో అయితే అరిచేస్తానని ఉత్తరం రాస్తున్నా.

నువ్వడిగినవి ముందు చెప్తా. కారు హీటర్ బాగైంది. బ్రిన్‌కి దగ్గు తగ్గింది. ఉన్ని మేజోళ్లు పార్శిల్ చేశాను. పిల్లని డేకేర్‌లో చేర్చావా అంటే, లేదు. ప్రభుత్వ సాయం మనకి రాదన్నారు. ముగ్గురున్న ఇంటికి ఇంత ఆదాయమని ఓ గీత ఉందట, నీ ఓవర్‌టైమ్‌తో అది దాటేశామట. ఇంటికి రాకుండా చేశావే, ఆ ఓవర్‌టైమే! సాయం లేకుండా కడితే నా బేకరీ జీతమంతా దానికే. ఇప్పటికి పక్కవీధి పెద్దావిడ బ్రిన్‌ని చూస్తోంది. ఈ నెలాఖరున థాంక్స్‌గివింగ్ పండగవగానే ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లిపోతుంది. ఇక నా ఉద్యోగం హుళక్కి.

ఎదురింటి మార్సీకి మాత్రం సాయం వచ్చేసింది. మొగుడు డ్వైట్ వదిలేసి వెళ్లాడుగా, తల్లీకొడుకూ ఇద్దరే లెక్క. వాళ్ల కోల్టన్ డేకేర్ నుంచి రంగు కాగితాల బొమ్మలు తెస్తాడు. వాటిని ఆవిడ కిటికీకి అంటిస్తుంది, సరిగ్గా నా వంటింటికి ఎదురుగా! కడుపు మండిపోతోంది ఆర్లెన్. మొగుడొదిలేసినదాన్ని చూసి కుళ్లుకునేది లోకంలో నేనొక్కదాన్నేనేమో.

ఇంకా విను. ఆ వదిలేసినవాడు ప్రతి శనివారం వస్తాడు. వాకిట్లో ఆకులు ఊడుస్తాడు, పిల్లాణ్ణి భుజాలెక్కించుకుని తిప్పుతాడు. నిన్న బ్రిన్ అడిగింది: "అమ్మా, నాన్న కూడా మనల్ని వదిలేస్తే శనివారాలు వస్తాడా?"

డేకేర్ సంగతి మార్సీతో చెప్పుకుని ఏడిస్తే నవ్వింది. "పిచ్చిదానా, మీ ఆయనా వెళ్లిపోయాడని చెప్పెయ్. ఎవడొచ్చి మంచం కింద వెతుకుతాడే?"

చెప్పకూడదనుకున్నా గానీ ఉండబట్టలేదు. మంగళవారం ఆ సాయమిచ్చే ఆఫీసుకి వెళ్లాను, అబద్ధం చెబుదామనే.

"మీ ఆయన ఇంట్లో ఉంటారా?" అంది కౌంటర్లో ఆవిడ.

"ఉండడు."

"చివరిసారి ఎప్పుడొచ్చారు?"

"ఈస్టర్‌కి."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

థాంక్స్‌గివింగ్‌కి అనబోయాను. నీ ఉత్తరం గుర్తొచ్చింది. 'పండగరోజు డబుల్ జీతం, రావడం కుదరదేమో' అన్నావుగా. తెలీదండీ అన్నాను.

ఆవిడ గొంతు తగ్గించి, "అయితే మిమ్మల్ని వదిలేసినట్టేనామ్మా?" అంది. అబద్ధం చెప్పడానికి వెళ్లినదాన్ని, ఒక్కటి కూడా చెప్పాల్సిన పని పడలేదు. ఏడుపాగక, మళ్లీ వస్తానని లేచొచ్చేశాను.

పండగ తర్వాతి సోమవారం రమ్మంది. ఇంట్లో ఎంతమందో అప్పుడు తేల్చి చెప్పాలట. నువ్వు పండక్కి వస్తే ముగ్గురమని చెప్తా. సాయం పోతే పోనీ, ఉద్యోగం పోతే పోనీ. రాకపోతే ఇద్దరమనే చెప్తా. అది అబద్ధమని నాకే అనిపించదు.

ఇట్లు,
ఇప్పటికింకా నీ ఇంటిదాన్నే,
నోరీన్