సెన్సార్ కళ్లకు గంధం

సుశీలా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మీ తమ్ముడు గోవిందు ఈ రోజు నా చేతిలో ఓడిపోయాడు!

మిద్దెమీది ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో చెప్పే యంత్రం చేశాను. రెండు కళ్లున్న చిన్న సెన్సార్ శబ్దం పంపి, ప్రతిధ్వని విని, దూరం లెక్కకడుతుంది. మొన్న బాగా పనిచేసింది. గోవిందును బంగారుపాళ్యం నుంచి పిలిపించి, ట్యాంకు మీదికెక్కి చూపిస్తే సున్నా చూపింది.

"నీ పుస్తకాల్లో ఇదే ఉండాదా? దిగు బావా, పడతావు" అని నవ్వాడు. ముప్పై ఏళ్లుగా అదే నవ్వు!

వైర్లు మార్చాను. వోల్టేజీ చూశాను. ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను. సున్నానే. షాపువాణ్ణి తిట్టాను. చివరికి కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే, సెన్సార్ రెండు కళ్ల జాలీలోనూ గంధం, కుంకుమ!

నిన్న శుక్రవారం పెట్టింది నేనే. నా మల్టీమీటర్‌కు బొట్టు పెట్టావని నీ మీద ఎంత అరిచానో!

జాలీ కడిగి ఆరబెట్టాను. నీళ్ల దాకా నలభై రెండు సెంటీమీటర్లని చూపింది. గోవిందు టేపు దించి కొలిచాడు. నలభై రెండే!

"గెలిస్తివిలే బావా. ఇంతకీ ఆ బొట్టు ఎవరు పెట్టినారు?"

"మీ అక్క" అన్నాను.

మళ్లీ బొట్టు పెట్టాను. ఈసారి సెన్సార్ వీపు మీద.