తూకం ఆగిన పది నిమిషాలు

ఆగిరిపల్లి

ప్రియమైన పార్వతీ,

ఫోన్ చేద్దామంటే చుట్టూ హమాలీలు ఉంటున్నారు. ఈ సంగతులు వాళ్ళ ముందు మాట్లాడలేను. అందుకే కాయల బండి డ్రైవర్‌తో ఉత్తరం పంపుతున్నాను.

పాండురంగారావు గారి మామిడి షెడ్డులో పని కుదిరింది. చక్రాల కుర్చీలోంచే కాటా చూస్తున్నాను. చెట్టు మీంచి పడి నడుం కింద స్పర్శ పోయాక దొరికిన మొదటి పని ఇది. ఉండటానికి షెడ్డు వెనక గది ఇచ్చారు. రోజూ తెల్లారగానే, ఆస్పత్రిలో నేర్పినట్టు, గ్లవుజు వేసుకుని విరేచనం పని ముగించుకుంటున్నాను. మూత్రం గొట్టంతోనే చిక్కు. నాలుగు గంటలకోసారి పెట్టుకోవాలి కదా. తూకం మధ్యలో అందరి ముందూ ఆ గొట్టాల సంచి పట్టుకుని ఎలా వెళ్ళను? లుంగీ తడిస్తే ఇక్కడ తలెత్తుకోలేను.

అందుకే ఓ ఉపాయం కనిపెట్టాను. పూతకి ముందు తోటకి నీళ్ళు ఆపుతాం కదా, అలాగే పగలు నేనూ నీళ్ళు మానేశాను. బట్ట తడవలేదు. ఎవరికీ తెలియలేదు.

నీ పెద్దిరాజు

ముసునూరు

ఏవండీ,

నీళ్ళు ఆపితే పూత పూయడానికి మీరేమన్నా చిన్నరసం మామిడి చెట్టా? నర్సు సౌజన్య గారు మనిద్దరినీ కూర్చోబెట్టి చెప్పలేదూ? నీళ్ళు తగ్గితే ఇన్ఫెక్షను, రాళ్ళు, ఆనక కిడ్నీలు. ఈ ఆదివారం వచ్చి తీసుకొచ్చేస్తాను. పని పోతే పోనీ. నాకు మనిషి కావాలి.

పార్వతి

ఆగిరిపల్లి

పార్వతీ,

నీ ఉత్తరం కంటే ముందే జ్వరం వచ్చింది. మూత్రం మడ్డిగా, వాసనగా అయింది. పాండురంగారావు గారే ఆస్పత్రికి పంపారు. డాక్టరమ్మ నీ మాటే చెప్పింది, ఇంకాస్త గట్టిగా. మందులతో జ్వరం తగ్గింది, మళ్ళీ కాటా దగ్గర కూర్చుంటున్నాను. నన్ను తీసుకెళ్ళొద్దు. ఇంటికొస్తే మంచానికే అతుక్కుపోతాను. ఒక్క అవకాశం ఇవ్వు.

పెద్దిరాజు

ముసునూరు

ప్రియమైన మీకు,

ఆదివారం వచ్చాను. మీకు కనబడలేదు. మీ బట్టలు సర్దుకుని తీసుకొచ్చేద్దామనే ఆటో మాట్లాడుకుని వచ్చాను. బుట్టల చాటున నిలబడ్డాను. మీరు సీసా ఎత్తి నీళ్ళు తాగారు. కాసేపటికి కాటా ఆపి, "నా గొట్టం టైమైంది, ఓ పది నిమిషాలాగండి" అన్నారు, షెడ్డంతా వినపడేలా.

"ఏంటి రాజూ, అవతల లారీ బయల్దేరాలి!" అని మీసాల వ్యాపారి కసిరాడు.

"నీకూ వస్తుంది కదన్నా. నువ్వు చెట్టు చాటుకెళ్తావు, నేను గదిలోకెళ్తాను."

హమాలీలు గొల్లుమన్నారు. అతనూ నవ్వేశాడు. మీరు వెళ్ళొచ్చి, ఆగినచోటి నుంచి మళ్ళీ తూకం మొదలెట్టారు. ఒక్కరూ మీ లుంగీ వంక చూడలేదు. అందరి కళ్ళూ కాటా ముల్లు మీదే.

పిలవాలనిపించింది. ఇంకా చాలా బుట్టలున్నాయి, మీ పని ఆగుతుందని పిలవలేదు. ఆటో ముసునూరుకే తిప్పమని, ఒక్కదాన్నే ఎక్కాను.

మీ పార్వతి