శనివారం సూది

2004 ఫిబ్రవరి 28, శనివారం

సూది వేసుకున్నాను. తొడకి, నేనే. ఇక రాత్రికి చలిజ్వరం, రేపు చర్చిలో వణుకు. వారం వారం ఇదే తంతు. ఎం.ఎస్. అనే నరాల జబ్బు వచ్చి కాళ్లు పడిపోయినప్పుడు కూడా నాకింత విసుగు లేదు. దీంతో నయం కాదమ్మా, మళ్లీ మళ్లీ రాకుండా కాస్త ఆపుతుంది అని విశాఖ డాక్టరు గారు అప్పుడే చెప్పారు. అత్తయ్యకి ఆ ముక్క ఎక్కదు. నడుత్తున్నావు, తిరుగుతున్నావు, ఇంకా రోగమేటే, ఆ సూదే నీకు రోగం తెత్తంది అంటుంది.

కోపం వస్తుంది. ఆవిడ మాట సబబుగా ఉన్నందుకు ఇంకా కోపం.

మార్చి 6, శనివారం

వేసుకోలేదు.

మార్చి 7, ఆదివారం

జ్వరం లేదు! ఇడ్లీలు మారు అడిగి తిన్నాను. చర్చిలో పాటలన్నీ నిలబడే పాడాను. డాక్టరు గారికి ఓసారి ఫోన్ చేద్దామా అన్నాడు మా ఆయన సాల్మన్‌రాజు. చెయ్యనివ్వలేదు.

ఏప్రిల్ 11, ఈస్టర్

చర్చిలో సాక్ష్యం చెప్పాను. చెప్పాలని లేదు, అత్తయ్య మోచేత్తో పొడుస్తూనే ఉంది. లేచి, మందు మానేశాను, ప్రభువు నన్ను స్వస్థపరిచాడు అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. అందరూ హల్లెలూయ అన్నారు. అత్తయ్య ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ కాసేపు నిజంగానే నమ్మాను, అబద్ధమెందుకు.

ఇంటికొచ్చాక మాత్రం కూర్చోలేకపోయాను. ఊడ్చిన గదులే మళ్లీ ఊడ్చాను.

ఏప్రిల్ 27, మంగళవారం

పొద్దున్నుంచి ఎడమ కన్ను మసక. గుడ్డు తిప్పితే నొప్పి. దుమ్మేమో. ఎండేమో. కడిగాను, మళ్లీ కడిగాను. గోడ మీద క్యాలెండర్‌లో ఎర్రంకెలు బూడిద రంగులో కనబడుతున్నాయి.

దుమ్ము కాదు. నాకు తెలుసు. చెప్తే విశాఖ ఆసుపత్రి, స్టెరాయిడ్ సెలైన్లు, మళ్లీ సూది. చర్చి అంతా తెలిసిపోతుంది. అత్తయ్య తలెత్తుకోలేదు. నేనసలే ఎత్తుకోలేను.

మే 1, శనివారం, సాయంత్రం 6

అత్తయ్య సంబరంగా వచ్చింది. ఈస్టర్‌కి మా చర్చికొచ్చిన రావికమతం షాలేమ్‌రాజు బస్సు కాంప్లెక్సులో కనబడ్డాడట. నీ సాక్ష్యం ఇన్నాక ఆడి కూతురికి ఫిట్స్ మాత్రలు మానిపించేసినాడే, రేపు పిల్లని ప్రార్థనకి తెత్తాడు, సూడు నీ వల్ల ఎంత మేలో అంది.

ఆ పిల్లకి ఎనిమిదేళ్లు.

అత్తయ్యా, నాకు ఎడమ కన్ను కనబడటం లేదు అన్నాను. మొహం పాలిపోయింది ఆవిడకి. గొంతు తగ్గించి, ఎవులికీ సెప్పకు తల్లీ, రేపొక్క పూట ఓపిక పట్టు, సోమారం బేగి ఇశాపట్నం ఎల్దాం అంది.

ఒక్క పూట. ఆ పూటలోనే పిల్లకి ఏమైనా అయితే?

మే 2, ఆదివారం

చర్చిలో లేచి నిలబడ్డాను. అత్తయ్య నా కొంగు పట్టుకుని లాగింది. అందరూ నవ్వుమొహాలతో నన్నే చూస్తున్నారు. మంచి కన్ను మూసుకున్నాను. మొహాలన్నీ చెరిగిపోయాయి.

అప్పుడు చెప్పాను. నాకు తగ్గలేదు. షాలేమ్‌రాజు గారూ, పిల్లకి మాత్రలు వెయ్యండి.

కన్ను తెరిచేసరికి ఆయన చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీస్తున్నాడు.