గాలి నీళ్ల పెట్టె

దోర్నపాల్ నుంచి

అక్కా,

నీకూ పిల్లలకూ ఒంట్లో బాగుందా? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నేను బాగానే ఉన్నాను, అంటే జ్వరం లేదు. బావ క్షేమం మాత్రం అడగను. ఈ ఉద్యోగం చూపించింది ఆయనే కదా!

భీమిలి ఒడ్డున గాలిలోంచి నీళ్లు తీసే ఇలాంటి యంత్రం బొటబొటా నీళ్లు కారుస్తుంటే చూసి మురిసిపోయి, ఇక్కడి యంత్రం చూసుకోమని నన్ను తోలేశాడు. మన ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టే, పెట్టెలోని పొడి రాత్రంతా గాలిలో తడి పీల్చుకుంటుంది. దానికి కంటికి కనపడని చిల్లులు లెక్కలేనన్ని ఉంటాయట. పగలు ఎండకి ఆ తడి ఆవిరై, పైనున్న అద్దానికి పట్టి కిందికి కారాలి. అక్కడంటే సముద్రపు గాలి. ఇక్కడ తడి చొక్కా ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. గాలిలో తడే లేకపోతే పొడి ఏం పీలుస్తుంది, బావ తలకాయా?

నేనున్న ఊళ్లో బోరు నీళ్లు తుప్పు రంగు. టీ పెడితే నల్లబడుతుంది. అందుకే ఇన్నాళ్లూ టాంకరు వచ్చేది. గని కంపెనీవాళ్లు దానంగా ఈ యంత్రం పెట్టి రిబ్బను కత్తిరించగానే, ఇక నీళ్లొచ్చాయిగా అని టాంకరు ఆపేశారు. యంత్రమేమో రోజంతటికీ ఒక చెంబు ఇస్తుంది. ఊరంతా నన్నే తిడుతోంది. పక్కింటి ముసలమ్మ ముత్తమ్మ పొద్దున్నే మొదలెడుతుంది.

"ఏందయ్యా, నీ మిషను గాలి మింగుడేనా, నీళ్లు కక్కుడు లేదా?"

ముద్ద నోటికి పోవడం లేదక్కా. ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

మొన్న కంపెనీ పెద్ద సార్లు తనిఖీకి వస్తున్నారని మేనేజరు ఫోన్ చేశాడు. బజారు నుంచి నీళ్ల డబ్బాలు తెచ్చి యంత్రం టాంకీ నింపమన్నాడు. నింపితే టాంకరు ఇక రాదు. నింపకపోతే నా ఉద్యోగం ఉండదు. చచ్చేంత భయపడ్డాను గానీ నింపలేదు.

సార్లు రాగానే ముత్తమ్మ ఆ రోజు కారిన చెంబెడు నీళ్లూ తెచ్చి పెద్ద సారు చేతిలో పెట్టింది.

"తాగు సారూ. ఊరందరికీ గివ్వే నీళ్లు. నువ్వు తాగు, మేం జూస్తం."

ఊరంతా చుట్టూ నిలబడింది. ఆయన తాగనూ లేక, కింద పెట్టనూ లేక నా వైపు కొరకొరా చూశాడు. సాయంత్రానికి నన్ను తీసేశారు. అమ్మకు ఈ సంగతి నువ్వే మెల్లగా చెప్పు. ఈ వారంలో బయల్దేరతాను.

నిన్న టాంకరు వచ్చింది. నేనూ బిందె పట్టుకుని వరసలో నిలబడ్డాను. నేను టాంకీ నింపనందుకే టాంకరు మళ్లీ వచ్చిందని ఎవరైనా ఒక మంచి మాట అంటారేమోనని ఆశపడ్డాను కూడా. ముత్తమ్మ నా బిందె తీసి పక్కన పెట్టేసింది.

"నువ్వు పోయి నీ మిషను కాడ పట్టుకో."

అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. టాంకరు ఇక రోజూ వస్తుందట. ఆ మాట కూడా ఊళ్లోవాళ్లెవరూ నాతో చెప్పలేదు, డ్రైవరు చెప్పాడు.

అమ్మకూ పెదనాన్నకూ నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన ఒక్కటే నాకిప్పుడు దిక్కు.

నీ తమ్ముడు
సూరిబాబు